అచ్చుకాని ముఖచిత్రం

శవం మీద గుడ్డ తీయనివ్వలేదు ఎస్సై రంజిత్. పాలిథిన్ సంచిలోంచి తువ్వాల ఒక్కటే తీసి జోగులమ్మ చేతిలో పెట్టాడు.

"చూడమ్మా. నీదేనా, కాదా? ఒక్క మాట చెప్పు, చాలు."

గద్వాలలో దవాఖాన వెనక, శవాల గది బయట నిలబడి ఉన్నాం. సోమవారం, పొద్దున తొమ్మిది. జోగులమ్మ డెబ్బై ఏళ్ల మనిషి. ఊహ తెలిసినప్పటి నుంచీ మగ్గం మీదే బతికింది. తువ్వాలను ఆమె చూడలేదు. కళ్లు మూసుకుని అంచు వెంబడి వేలు పోనిచ్చింది. గద్వాల నేతలో అంచు వేరు, నడిమి గుడ్డ వేరు. రెండింటినీ మగ్గం మీదే పోగుకు పోగు మెలేసి కలుపుతారు. ఆ కలిపే తీరు ఒక్కో చేతిది ఒక్కో రకం.

"నాదే సారూ. నా చేతి మెలిక నాకు తెల్వదా? ఆయనకోసమని నేసిన," అంది.

రంజిత్ నావైపు తిరిగి "అయిపాయె" అన్నాడు.

నా ఒళ్లు మండింది. "ఏం అయిపాయె సార్? మొకమే లేని పీనుగకు తువ్వాల చూసి పేరు పెడ్తరా?"

"నీళ్లల్ల వారం దినాలున్నది. చేపలు కొరికినయ్. నిన్న పొద్దుగూకంగ బీచుపల్లి దగ్గర ఒడ్డుకు తేలింది. వయసు డెబ్బై పైనే అని డాక్టర్ రాసిండు. ఇంటామె తువ్వాల గుర్తుపట్టింది. ఇంక నీకేం గావాలె?"

"తువ్వాల ఎవడన్నా ఎవనికన్నా కట్టొచ్చు."

"యాదయ్యా, పెండ్లిపిలగాండ్లు తాగుతరా లేదా చూసుకునేటోనివి నువ్వు. గా పని చూసుకో. నాకు కేసు నేర్పకు."

తగలాల్సిన చోటే తగిలింది. కల్వకుర్తి బస్టాండు ఎదురుగా, చెప్పుల దుకాణం మీద నా ఆఫీసు. బోర్డు మీద డిటెక్టివ్ యాదయ్య అని పెద్దక్షరాలే ఉంటాయి కానీ, పదేళ్లుగా నేను చేసిందల్లా పెళ్లికొడుకుల గుట్టు కనిపెట్టడమే. ఈ కేసు నాకిచ్చింది జోగులమ్మ కూతురు శైలజ. వనపర్తిలో లెక్కల టీచరు. "నాయిన కనిపిస్తలేడు సార్, పోలీసోళ్లు తీర్థం పోయిండేమో చూడుమంటున్నరు" అని ఏడుస్తూ వచ్చింది. అది జరిగి వారం దాటింది. ఈ వారంలో నేను సాధించింది శూన్యం.

"సంతకం పెడితే పీనుగను అప్పజెప్త. పెట్టకుంటే గుర్తుతెల్వని శవం అని రాసి మున్సిపాలిటోళ్లకు ఇస్త. వాళ్లే కాల్చేస్తరు. సాయంత్రం ఐదు దాక ఆగుత. గంతకన్న నాతోని గాదు," అని రంజిత్ జీపెక్కాడు.

జోగులమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాయినా, సంతకం పెడితే ఆయన సచ్చిపోయినట్టే గద. మల్ల ఎవ్వరు ఎతకరు. పెట్టకుంటే, ఒకవేళ గాయననే అయితే, దిక్కులేనోని లెక్క కాలుస్తరు. నన్నేం జెయ్యమంటవ్?"

ఏం చెప్పను? రెండు వైపులా గొయ్యే. "ఐదు దాక ఆగమ్మా. నేను అడిగేది గంతే," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు నా మీద నమ్మకం లేదు.

తల్లిని చుట్టాల దగ్గర కూర్చోబెట్టి శైలజ నన్ను ఇంటికి తీసుకెళ్లింది. ఆమె నాన్న నర్సింహులు గది మేడమీద ఉంది. ఇంతకుముందు ఒకసారి చూశాను కానీ మనిషి ఎటు పోయాడో చూశానే తప్ప, మనిషి ఏమిటో చూడలేదు. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మూడు గోడలకూ అలమరలు. వాటి నిండా ఒకే పత్రిక. లోకయాత్ర, సచిత్ర మాసపత్రిక, సికింద్రాబాదు. యాభై ఒకటిలో మొదలై అరవై రెండులో ఆగిపోయింది. పన్నెండేళ్లూ ముఖచిత్రాలు వేసింది ఒక్క నర్సింహులే.

ఒకటి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. కల్వకుర్తి గ్రంథాలయంలో, నిక్కరు వేసుకునే వయసులో, చిరిగిన లోకయాత్రలు పట్టుకుని మధ్యాహ్నాలు మధ్యాహ్నాలు గడిపినవాణ్ణి నేను. ప్రతి అట్టకూ మూడే రంగులు. కాశ్మీరుకు నీలం, పసుపు, నలుపు. పూరీకి ఎరుపు, ఇసుక, నలుపు. ఆ మూడింటితోనే మంచు కనిపించేది, సముద్రం కనిపించేది. పత్రిక పేరు ప్రతి నెలా కొత్తగా గీసేవాడు. ఊటీ సంచికలో ఆ అక్షరాలు రైలు పొగలోంచి వస్తాయి, కొచ్చిన్ సంచికలో పడవ తాడు మెలికలు తిరిగి అక్షరాలవుతుంది. ఏదో ఒక మూల సూట్‌కేసు పట్టుకున్న మనిషి ఉంటాడు, వీపు మాత్రమే కనబడుతుంది. అది నేనే అనుకునేవాణ్ణి. ఊటీ రైలు ఎక్కి తీరతానని మా అమ్మతో పందెం కూడా కాశాను. ఇప్పటికీ ఎక్కలేదు.

"నాయిన కూడ ఎక్కలే సార్," అంది శైలజ నా మనసు చదివినట్టు. "ఏ ఊరూ చూడలే. ప్రెస్సు పక్కన చిన్న గదిల కూసొని, రైల్వే క్యాలెండర్లు ముంగట పెట్టుకొని వేసేటోడు. పత్రిక బందయినంక గద్వాలకొచ్చి చీరల అంచులకు డిజైన్లు గీసి బతికిండు."

గోడకు ఒక అట్ట ఆనించి ఉంది. దాని మీద సగం చెరిగిన ఓడరేవు బొమ్మ. ఎత్తబోతే బరువుగా ఉంది. అట్ట అంచు వేలెడు మందం, పొరలు పొరలుగా రంగులు కనిపిస్తున్నాయి.

"గిదేంది?"

"నాయిన బొమ్మలన్ని దీనిమీదనే. మంచి అట్ట ఆ రోజులల్ల దొరికేది కాదంట, ప్రెస్సు ఓనర్ ఒక్కటే కొనిచ్చిండంట. బొమ్మ వేసి ఇస్తె ఫోటో తీసి అచ్చుకు బ్లాకు చేసేటోళ్లు. అట్ట మల్ల నాయినకే వచ్చేది. తడిగుడ్డతోని తుడిచి, మీద తెల్లది పూసి, వచ్చే నెల బొమ్మ దానిమీదనే వేసేటోడు. పన్నెండేండ్లు ఒక్కటే అట్ట."

"అయితే అసలు బొమ్మ ఒక్కటి గూడ మిగల్లేదా?"

"ఇదొక్కటే, ఆఖరుది. మిగిలినవన్ని దీని కిందనే ఉన్నయ్." శైలజ ఆగింది. "పోయిన నెల ఒకామె వచ్చింది సార్. సుమన అని, ఆ ప్రెస్సు ఓనర్ బిడ్డ. అసలు బొమ్మలుంటే కొంటనన్నది. నాయిన నవ్వి గీ అట్టనే చూపించిండు. ఆమె మొకం మాడ్చుకొని పోయింది. మొన్న పేపర్ల చూసిన, వనపర్తిల ప్రదర్శన పెడ్తుందంట. అచ్చుకాని ముఖచిత్రాలు దొరికినయంట. నాయిన ఇంట్ల ఉంటే అడుగుదామనుకున్న."

నేను లేచాను. నర్సింహులు బొమ్మల బల్ల మీద రంగు మరకలున్నాయి, కుంచెలు లేవు. ఒక్కటీ లేదు. మూలన ఇసుకలో కూర్చోబెట్టిన కుండ ఉంది. మూత తీస్తే తడిగుడ్డలో చుట్టిన ఇన్సులిన్ సీసాలు. ఫ్రిజ్ లేని ఇళ్లల్లో ఇలాగే దాస్తారు.

"సూది రోజూ వేసుకునేటోడా?"

"రెండు పూటలా. లేకుంటే నిలబడలేడు."

"చావాలని పోయేటోడు కుంచెలు పట్టుకపోడు శైలజమ్మా. దినాలకొద్ది ఉండనీకె పోయేటోడు మందు ఇడిసిపెట్టి పోడు. బొమ్మ వేసి సాయంత్రానికి ఇంటికి రావాలని పోయిండు మీ నాయిన. ఎవరో రానియ్యలే."

ఆమె మొహంలో ఆశ కనిపించింది. అది చూసి నాకు భయం వేసింది. సూది లేకుండా పదో రోజు నడుస్తోంది మరి. అమ్మ చేత సంతకం పెట్టించకుండా చూసుకోమని చెప్పి బండి స్టార్ట్ చేశాను.

వనపర్తిలో ఒక ఫంక్షన్ హాలు. తెల్లగుడ్డలు కట్టిన గోడల మీద వరసగా ఫ్రేములు. వాకిట్లో కూర్చున్న వాచ్‌మన్ నాకో ఆహ్వానపత్రిక ఇచ్చాడు. మందంగా, మెత్తగా ఉన్న కార్డు. ముందు వైపు రంగుల బొమ్మ, లోపల నాలుగు వాక్యాలు. మొదటి వాక్యం చదివి అక్కడే నిలబడిపోయాను. "కీర్తిశేషులు నర్సింహులు గారి కుంచె నుండి..."

"గీ కార్డులు ఎప్పుడొచ్చినయ్ అన్నా?"

"శనివారం పొద్దుగాల తెచ్చిండ్రు సార్. నేనే దింపుకున్న."

శవం తేలింది ఆదివారం సాయంత్రం. శనివారానికే నర్సింహులు కీర్తిశేషుడయ్యాడు.

సుమన అరవైకి దగ్గరపడ్డ మనిషి. నేత చీర, తెల్లబడుతున్న జుట్టు, మంచి గొంతు. నేనెవరో చెప్పాను, దాచలేదు. ఆమె కూడా తొణకలేదు.

"పాపం, చాలా బాధాకరం," అంది. "ఈ ఉదయమే తెలిసింది. అంకుల్ నన్ను ఎత్తుకుని తిరిగేవారు. మా ఇంట్లో రేడియో లేదు, బొమ్మల పుస్తకాలు లేవు. ఈ అట్టలే నాకు లోకం. నిద్రపోయేముందు ఈ నెల ఏ ఊరు అని నాన్నని అడిగేదాన్ని."

ఆ మాటల్లో అబద్ధం లేదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది.

"పొద్దుగాల తెలిస్తే శనివారం కార్డు మీద కీర్తిశేషులు ఎట్ల అచ్చయిందమ్మా?"

ఒక్క క్షణం ఆమె చేతి గాజుల చప్పుడు ఆగింది. "ప్రెస్సువాళ్ల పొరపాటు. పెద్దవాళ్ల పేరు ముందు అలవాటుగా వేసేస్తారు."

"పొరపాటు నిజమైపాయె గద. గమ్మత్తే."

"మీకు గమ్మత్తుగా ఉందా?"

"నాకు ఏడుపొస్తుంది. గీ బొమ్మలు యాడ దొరికినయ్?"

"నాన్నగారి ట్రంకుపెట్టెలో. అరవైమూడు సంచికల కోసం ముందుగానే వేయించి పెట్టారు. పత్రిక ఆగిపోయింది. ఒక హోటల్ ఆయన మొత్తం సెట్టు తీసుకుంటున్నారు, గదికో బొమ్మ. ఇవి వేసిన చెయ్యి ఇక లేదు, ఇలాంటివి ఇంకెప్పటికీ రావు. ఆయన కొనేది ఆ మాటనే."

"నర్సింహులు బొమ్మకో అట్ట వాడేటోడు గాదమ్మా. ఉన్న ఒక్కదాన్నే తుడిచి తుడిచి వేసిండు. పన్నెండేండ్లు గట్ల వేసినోనికి మీ నాయిన ఒక్కసారే గిన్ని కొత్త అట్టలు కొనిచ్చిండా?"

ఆమె నవ్వింది. "మీరు ఆర్ట్ మీద కూడా దర్యాప్తు చేస్తారా?"

నేను ముందుకు నడిచాను. చివరి ఫ్రేము ముందు ఆగిపోయాను. కార్డు మీద అచ్చేసిన బొమ్మ అదే. "కృష్ణాతీరం, ఏప్రిల్ 1963" అని కింద చేత్తో గీసిన అక్షరాలు. నీలం, ఎరుపు, నలుపు. ఎదురుగా సముద్రమంత నీళ్లు. అవతల కొండలు. కుడివైపు ఎత్తైన గట్టు మీద సోమశిల గుడి.

గట్టు మీద!

మా మేనమామల ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లల్లో మునిగింది. సోమశిల పాత గుడి కింద నది ఒడ్డున ఉండేది. నా చిన్నప్పుడు ఆ మెట్ల మీద కూర్చుని కాళ్లు కడుక్కున్నాను. నీళ్లొచ్చేముందు గుడిని రాయి రాయి విప్పి పైకి మోసుకొచ్చి మళ్లీ కట్టారు. అరవైమూడులో గట్టు మీద గుడి లేదు, అన్ని నీళ్లూ లేవు. ఈ పక్క ఊళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. సికింద్రాబాదులో పుట్టిన సుమనకు తెలియదు. నర్సింహులు అక్కడే ఏదో కిటికీలోంచి కనిపించేదాన్ని చూసి వేశాడు. ఈ మధ్యనే వేశాడు.

"బొమ్మల్ని అంతసేపు చూసే మనిషిలా లేరు మీరు," అంది సుమన నా వెనక నుంచి.

"చిన్నప్పటి అలవాటు," అని కార్డు జేబులో పెట్టుకుని బయటపడ్డాను. నాది బొంకలేని మొహం అని మా ఆవిడ ఎప్పుడూ అంటుంది. సుమన కూడా అది చూసే ఉంటుంది.

రోడ్డు మీదికి రాగానే రంజిత్‌కు ఫోన్ చేశాను. ఒంటిగంట కావస్తోంది. ఉన్నదంతా చెప్పాను. కార్డు, అట్ట, గుడి.

అతను పూర్తిగా విన్నాడు. అబద్ధమెందుకు, శ్రద్ధగానే విన్నాడు. తర్వాత నిట్టూర్చాడు. "కార్డు మీద తప్పు అచ్చయింది. బొమ్మల గుడి తప్పున్నది. గివి పట్టుకొని నేను పీనుగను ఆపాల్నా? పైన సారు అడిగితే ఏం జెప్పాలె, బొమ్మ బాగలేదని చెప్పాల్నా?"

"మనిషి బతికున్నడు రంజిత్ సార్!"

"అయితే తీస్కరా. నా ముంగట నిలబెట్టు. గప్పుడు నేనే నీ కాళ్లు మొక్కుత."

"సోమశిలకు మనుషులను పంపుర్రి. నేనొక్కణ్ణే పోతున్న."

"అది నా హద్దు గాదు. ఆడోళ్లకు చెప్త, సాయంత్రం చూస్తరు. ఇంగొకటి ఇను. ఐదు దాక టైమున్నదన్నది నేను. వాళ్ల పెద్దమనుషులు గట్ల అంటలేరు. మూడింటికి అమావాస్య తగులుతదంట. గంతకు ముందే కానియ్యాలని ముసలామె చుట్టూ కూసున్నరు."

శైలజకు ఫోన్ చేస్తే కలవలేదు. మళ్లీ చేశాను. కలవలేదు. రోడ్డు మీద నిలబడి ఎవర్ని తిట్టాలో తెలియక బండినే ఒక తన్ను తన్ని, కొల్లాపూర్ దారి పట్టాను.

సోమశిలలో దిగి కార్డు చేతిలోకి తీసుకున్నాను. బొమ్మలో గుడి శిఖరం వెనక కొండ కొస సరిగ్గా సగం కనబడుతుంది. ఒడ్డు వెంబడి నడుస్తూ, నాలుగడుగులకోసారి ఆగి, కార్డు ఎత్తి పట్టుకుని చూశాను. కొండ మొత్తం కనిపిస్తే ఇంకా ముందుకు, అసలు కనబడకపోతే వెనక్కి. చేపల వలలు ఆరేసుకుంటున్న ఆడవాళ్లు నన్ను పిచ్చోడనుకుని నవ్వారు. నవ్వనీ. ఊరు దాటాక, తుమ్మచెట్ల వెనక, బొమ్మా కొండా కలిసిపోయాయి. వెనక్కి తిరిగితే రేకుల ఇల్లు. తలుపుకు బయట తాళం. నీళ్ల దగ్గర తట్టలాంటి గుండ్రటి పడవ, పుట్టి, బోర్లించి ఉంది. మనుషులెవరూ లేరు.

తాళాన్ని రాయితో కొట్టి తలుపు తోశాను. మగ్గిన పండు వాసన కొట్టింది. అది షుగరు ముదిరిన మనిషి ఊపిరి వాసన.

నర్సింహులు కిటికీ కింద చాప మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎడమ పాదం ఉబ్బిపోయి, రెండు వేళ్లు నల్లబడ్డాయి. ఒళ్లో అట్ట, చేతిలో కుంచె.

"మల్లేషా? ఇంక ఆరలే బిడ్డా. తొందర పెట్టకు," అన్నాడు తల ఎత్తకుండా.

"మల్లేష్ గాదు పెద్దయ్యా. నేను యాదయ్యను. శైలజ పంపింది."

ఆ మాటకు తల ఎత్తాడు. "గుడి చూసి వచ్చినవా?"

"గుడి చూసే వచ్చిన."

"అందుకే పైన వేసిన. మనోళ్లు ఎవలన్న చూస్తే పట్టుకుంటరని. పట్నమామెకు తెల్వదు." నవ్వబోయి దగ్గాడు. "తప్పు నాదే నాయినా. యాభై ఏండ్లకు ఒకరొచ్చి, ఇంక ఒక్క ఏడాది లోకయాత్ర వెయ్యి అంకుల్ అంటే ఎట్ల కాదంట? జోగులుకు చెప్తే పోనియ్యదని చెప్పకుండనే జీపెక్కిన. మొదటి బొమ్మకు ఒక్క దినమే అన్నది. ఆ పొద్దు నుంచి తాళం. సూది అడిగితే రేపు రేపు అంటరు. రంగులు మాత్రం ఏదడిగితే అది తెచ్చిండ్రు."

"మీ తువ్వాల?"

"ఆమె మనిషి మల్లేష్ పట్టుకపోయిండు, ఉతికిస్తనని. ఎందుకు?"

ఆయన్ని వీపు మీద ఎక్కించుకుని బయటికి తెచ్చాను. నాకు యాభై దాటాయి, ఆయన ఎముకల గూడు. అయినా పది బారలు నడిచేసరికి మోకాళ్లు వంగిపోయాయి. బండి మీద వెనక కూర్చునే శక్తి ఆయనకు లేదు, ఒక చేత్తో పట్టుకుని ఆ రాళ్లదారిలో నడపడం నా వల్ల కాదు. ఒక బండరాయి మీద కూర్చోబెట్టి ఫోన్ తీశాను. సిగ్నల్ ఒక గీత ఉంది. ఈసారి కలిసింది.

నేను నోరు తెరిచే లోపలే శైలజ గొంతు. "సార్, మీరు ఎంత చేసినా... అయిపోయింది సార్. అమ్మ ఆగలే. అందరు మీదపడి అమావాస్య, అమావాస్య అన్నరు. రెండింటికి సంతకం పెట్టింది. ఇప్పుడు ఒడ్డుకాడనే ఉన్నం. ఏమంటున్నరు సార్? ఇనబడుతలేదు. అమ్మ మాట్లాడుతదంట."

నేను అరుస్తూనే ఉన్నాను. "బతికున్నడమ్మా! మీ నాయిన బతికే ఉన్నడు!" నా అరుపు నీళ్ల మీద పోయింది కానీ ఫోన్‌లో పోలేదు. అవతల ఏడుపులు, డప్పు, గాలి. జోగులమ్మ గొంతు మాత్రం తేటగా వినిపించింది. నేను ఫోన్‌ను నర్సింహులు చెవికి ఆనించి, నా చెవి కూడా దగ్గర పెట్టాను.

"నువ్వు బాధపడకు నాయినా," అంటోంది ఆమె. "ఎంత తిరిగినవో నాకు తెల్సు. నీ తప్పేం లేదు. నేనే నిప్పు పెట్టిపిచ్చిన. మంచిగనే కాలుతున్నడు."

నర్సింహులు రెండు చేతులతో ఫోన్ పట్టుకున్నాడు. "జోగులూ... ఓ జోగులూ, నేనేనే..."

అవతల అలికిడి ఆగింది. తర్వాత ఆమె కేక పెట్టింది. "శైలూ, మీ నాయిన నన్ను పిలుస్తుండే! గా మంటలకెల్లి పిలుస్తుండే!" ఫోన్ ఎక్కడో పడ్డ చప్పుడు. అంతే, తెగిపోయింది. మళ్లీ మళ్లీ నొక్కాను. గీత కూడా పోయింది.

ఆయన ఫోన్ ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని నన్ను చూశాడు.

"ఎవలికి నిప్పు పెట్టిండ్రు యాదయ్యా?"

ఎవరికి పెట్టారో నాకూ తెలియదు. ఆ తువ్వాల కట్టుకుని కాలిపోయిన ముసలాయన ఎవరో, ఆయన నీళ్లల్లో ఎలా పడ్డాడో తెలుసుకునే దారి కూడా ఆ మంటలోనే పోయింది. ఇటు చూస్తే సంతకం పడింది, కేసు మూసేశారు. నా పక్కన కూర్చున్న మనిషి ఇక కాగితం మీద లేడు. ఈ మాట ఆయనకు ఏ నోటితో చెప్పను?

జీపు చప్పుడు వినిపించింది. తుమ్మచెట్ల దారికి అడ్డంగా ఆగింది. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క దారే.

ముందు మల్లేష్ దిగాడు. గొడ్డలి భుజాన ఉంది, కట్టెలకు పోతున్నవాడిలా తాపీగా వచ్చి నా బండి ప్లగ్గు తీగ పీకి నీళ్లల్లోకి విసిరేశాడు. ఆ వెనక సుమన. ఆమె మా వైపు రాలేదు. నేరుగా ఇంట్లోకి వెళ్లి, అట్టను రెండు చేతులతో పట్టుకుని, ఎండలోకి తెచ్చి చూసింది. చాలాసేపు చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దొంగ నీళ్లు కావు.

"అచ్చంగా అప్పటిలాగే ఉంది అంకుల్," అంది. "మా నాన్న చూసి ఉంటే బాగుండేది."

"సుమనమ్మా, సూది ఇప్పియ్యి బిడ్డా. ఇంటికి పోత. ఎవ్వరికి చెప్ప," అన్నాడు నర్సింహులు.

"ఏ ఇంటికి అంకుల్? గద్వాలలో మీ దహనం అయిపోయిందట, నాకిప్పుడే ఫోన్ వచ్చింది."

నేను లేచి అడ్డంగా నిలబడ్డాను. "ఎస్సైకి అంతా చెప్పిన. సాయంత్రం పోలీసోళ్లు వస్తరు."

"రానివ్వండి. ఎవరి కోసం వెతుకుతారు యాదయ్యగారూ? పోయిన మనిషి కోసం ఎవరూ వెతకరు."

నేనొక్కణ్ణే అయితే పరుగెత్తేవాణ్ణి. ఒడ్డు వెంబడి ఊరు దగ్గరే, వలల దగ్గర ఆడవాళ్లున్నారు. కానీ ఆయన వేళ్లు నా చొక్కా పట్టుకుని ఉన్నాయి, వదల్లేదు. నేను విడిపించుకోలేదు.

సుమన అట్టను ఎండ తగలకుండా జీపు వెనక సీట్లో పెట్టి తలుపు వేసింది.

"మల్లేష్, పుట్టి తిప్పి నీళ్లల్లో వెయ్యి. ముగ్గురిని మోస్తుందా అది?"

మల్లేష్ నన్నూ, ముసలాయననూ ఒకసారి తేరిపార చూశాడు.

"పోంగ ముగ్గురం, రాంగ నేనొక్కణ్ణే గద మేడం. మోస్తది."